విద్యానిధి డబ్బు వేళకు అందాలి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం షోలాపూర్ నుంచి వచ్చాం. మా తాతలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ అక్కడ చేరారు. మగవాళ్ళు చాదర్లు నేస్తే, ఆడవాళ్ళు బీడీలు చుట్టి పిల్లల్ని చదివించారు. ఆ పిల్లల్లో కొందరు ఈనాడు పుణె, ముంబై, హైదరాబాదుల నుంచి మా విద్యానిధికి డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బు గురించే నాలుగు మాటలు.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. చాలా ఏళ్ళు జంధ్యాల పున్నమికి మార్కండేయ స్వామి రథోత్సవం అయ్యాకే సభ పెట్టి చెక్కులు ఇచ్చేవాళ్ళం. దాతకు శాలువా, పిల్లకు చెక్కు, ఇద్దరికీ కలిపి ఫోటో. సభ బాగా జరిగిందని మాకు మేమే అనుకునేవాళ్ళం. కాలేజీ ఫీజు గడువు పున్నమి దాకా ఆగుతుందా? అప్పటికే తల్లి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టేసేది. మన చెక్కు వడ్డీకి పోయేది.

ఒక ఏడు మైకులో పేరు పిలిస్తే ఒక అమ్మాయి రాలేదు. మూడుసార్లు పిలిచాం. మర్నాడు ఇంటికి వెళితే వాళ్ళమ్మ ఒళ్ళో బీడీల చాట దించకుండానే అన్నది: "అన్నా, దాని తోటి పిల్లలంతా మా గల్లీలనే ఉంటరు. పేదోళ్ళమని మైకుల చెప్పించుకోవాల్నా?" మా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పరీక్షలు కాగానే దరఖాస్తులు తీసుకుంటున్నాం. ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకు కడుతున్నాం. స్టేజీ మీద పిల్లల పేర్లు చదవం. దీనికి దాతల్లో కొందరు నొచ్చుకున్నారు. "మరి మా నాయన పేరు ఎవరు చదువుతరు?" అని ఒక పెద్దాయన అడిగారు. అది న్యాయమైన మాటే. ఆ నాయన గుంటమగ్గంలో నడుం వంచితేనే కదా ఈ డబ్బు వచ్చింది! అందుకని నాయన పేరు చదువుతాం, పిల్ల పేరు చదవం. దాతకు ఏటా ఉత్తరం రాస్తాం: ఏ చదువుకు, ఎంత, ఏ నెలలో కట్టామో. ఒక పిల్లాడు డిప్లొమా మానేసి పవర్‌లూమ్‌కు పోయినప్పుడు, రాయాలా వద్దా అని తటపటాయించి, చివరికి అదీ రాశాం. ఆ దాత కోప్పడలేదు. "హాస్టల్ ఖర్చు ఇస్తే మళ్ళీ వస్తడా?" అని ఫోన్ చేశారు.

దాతలకు ఇంకో మనవి. లక్ష రూపాయలు శాశ్వత నిధికి ఇస్తే, 7 శాతం వడ్డీకి ఏడాదికి వచ్చేది 7000. ఫీజులేమో పెరుగుతూనే ఉంటాయి. కాబట్టి ఇంజనీరింగుకే, 90 శాతం వచ్చినవాళ్ళకే అని ముడి వేయకండి. ఐటీఐ, నర్సింగ్ పిల్లలకూ దారి వదలండి.

నగదుగా 2000 దాటితే ఆదాయపు పన్ను రాయితీ రాదు, బ్యాంకు ద్వారానే పంపండి. అమెరికాలో ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంఘం తీసుకోకూడదు. "కోశాధికారి సొంత ఖాతాలో వేస్తాం" అనే మాట దయచేసి వద్దు.

భోజనాల హాలు పక్కన మా బల్ల ఉంది. పోయిన ఏటి జమాఖర్చుల పుస్తకం అక్కడే పెట్టాం. చూసి, అడగాల్సింది అడగండి.