స్త్రీల యాహారము – మన కర్తవ్యము



మేము ముప్పదియైదేండ్లు బాలురచే శబ్దమంజరి వల్లె వేయించితిమి గాని, మా యింటి స్త్రీలు కడపటి పంక్తిలో నేమి భుజించుచున్నారో యొకనాడును విచారింపమైతిమి. మా చిన్నకోడలు తఱచు సొమ్మసిల్లుటచే మాకు కనువిప్పు కలిగెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము దినమునకు పురుషునకు 19 మిల్లీగ్రాముల యినుము చాలును. స్త్రీకి 29 వలయును. హార్మోనులు నడుపు ఋతుచక్రమున మాసమాసమును పోవు రక్తమే యిందులకు ముఖ్యహేతువు. ముట్లుడిగిన పిదప నీ యవసరము తగ్గును. కాని ఈస్ట్రోజెను క్షీణించి యెముకలు గుల్లబాఱును గావున కాల్షియము 1200 మిల్లీగ్రాములు కావలయును.

జన్యువుల ప్రభావమును కలదు. ఈస్ట్రోజెను ప్రేరణచే స్త్రీ కాలేయము కోలీనను పోషకమును కొంత తానే కల్పించుకొనును. ఒక జన్యుభేదము గలవారి కీ సౌకర్యము కొఱవడును. వారు గ్రుడ్లు, సోయాచిక్కుడు మున్నగువానివలననే దానిని పొందవలయును.

మా కోడలికి ఇనుప మాత్రలు ఫలింపలేదు. పరీక్షింపగా బీటా థలసీమియా జన్యువు బయల్పడెను. అట్టివారికి రక్తము తక్కువైనను ఇనుము తక్కువ కాకపోవచ్చును. దంపతు లిరువురికిని ఆ జన్యువున్నచో ప్రతిశిశువునకును తీవ్రవ్యాధి కలుగు నవకాశము నాల్గింట నొకపాలు. మా కుమారునకు లేదని తేలువఱకు మాకు నిద్రలేదు. మేనరికములు చేసికొను మనము జాతకములతోబాటు రక్తమును పరీక్షింపవలదా?

2019–21 జాతీయ సర్వేలో 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలినది. కావున పోషకులు మన విద్యార్థినులకు రక్తపరీక్షలు చేయింపుడు. గృహస్థులు నేటి రాత్రినుండియే స్త్రీలకు మొదటి పంక్తిలో వడ్డింపుడు. స్వస్తి.