మొదటి కుట్టు మిషన్ కొనే ముందు

(మిల్టన్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను టైలర్‌ని కాదు, సైట్‌లో సూపర్‌వైజర్‌ని. కానీ పనికి తగ్గ పనిముట్టు ఎంచుకోవడం నా రోజువారీ పని. కమిటీవాళ్ళు ఈ విషయం మాట్లాడమన్నది అందుకే. చీరకు ఫాల్ వేయాలన్నా, బ్లౌజు వదులు చేయాలన్నా, పిల్లల ప్యాంటు అంచు మడవాలన్నా ఇక్కడ కుట్టుకూలి ఒక్కోసారి బట్ట ఖరీదునే దాటుతోంది. "ఇంట్లో ఒక మిషన్ ఉంటే బాగుండు" అనే మాట మన ఇళ్ళల్లో తరచూ వింటున్నాం.

మిషన్ చూసే ముందు మీ పని రాసుకోండి. డ్రిల్లు కొనేటప్పుడు ఇటుక గోడా, కాంక్రీటు గోడా అని చూస్తాం కదా, ఇదీ అంతే. మొదటి ఏడాది మీరు కుట్టేవి బ్లౌజులు, లంగాలు, ఫాల్స్, దిండు గలేబులు, ప్యాంటు అంచులు. వీటికి మూడు కుట్లు చాలు: నేరు కుట్టు, జిగ్‌జాగ్, కాజా. పెట్టె మీద 60 కుట్లు, 100 కుట్లు అని రాసి ఉందని ఎక్కువ డబ్బు పోయకండి. జిగ్‌జాగ్ మాత్రం వదలొద్దు. అంచు పోగులు ఊడకుండా ఆపేది అదే. మన ఊళ్ళల్లో చూసిన నల్ల కాలి మిషన్లు ఎక్కువగా నేరు కుట్టే వేస్తాయి.

ఇండియా నుంచి తెచ్చుకుందామనుకునేవాళ్ళు ఒకటి గమనించండి. అక్కడ కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడి మోటారు ఇక్కడి ప్లగ్గులో సరిగా నడవదు. ఇక్కడే కొనండి, సీఎస్‌ఏ లాంటి గుర్తింపు ముద్ర ఉందో లేదో చూడండి. సింగర్, బ్రదర్, జానోమ్ కంపెనీల సాధారణ మిషన్లు కొత్తవి సుమారు 200 నుంచి 300 డాలర్లకు దొరుకుతాయి. దాని మీద 13 శాతం హెచ్‌ఎస్‌టీ కలుపుకోండి: 250 డాలర్ల మిషన్ చేతికొచ్చేసరికి 282 డాలర్ల 50 సెంట్లు. ఫ్యాక్టరీ మిషన్ చవగ్గా వచ్చిందని తీసుకోకండి. దానికి వేరే బల్ల కావాలి, బరువెక్కువ, పైగా చాలావరకు నేరు కుట్టు ఒక్కటే.

పాతది కొన్నా తప్పులేదు. కానీ ఫోటో చూసి డబ్బు పంపకండి. వెళ్ళేటప్పుడు పల్చటి జాకెట్టు ముక్క ఒకటి, జీన్స్ ముక్క ఒకటి, దారం పట్టుకెళ్ళండి. ముందు కుడిపక్క చక్రాన్ని చేత్తో మీవైపు తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా తిరగాలి. తర్వాత రెండు బట్టల మీదా నేరు కుట్టు, జిగ్‌జాగ్ వేసి చూడండి. కాలి పెడల్, బాబిన్ కేసు ఉన్నాయో లేదో అడగండి. పెడల్ లేని మిషన్ చవకైనా తర్వాత ఖర్చు పెట్టిస్తుంది.

ఇంటికి తెచ్చాక బట్ట అడుగున దారం ఉండలు కడితే మిషన్ పాడైందని కంగారుపడొద్దు. పాదం పైకెత్తి, పై దారం మొదటినుంచి మళ్ళీ ఎక్కించండి. చాలాసార్లు అంతే. పల్చటి బట్టకు 11 నంబరు సూది, మామూలు నూలు బట్టకు 14, జీన్స్‌కు 16 వాడండి. బేస్‌మెంట్లో ఉండేవాళ్ళు మిషన్ కింద రబ్బరు మ్యాట్ వేయండి, పైవాళ్ళకు అదురు తెలియదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. మన ఇంటివాళ్ళకు మన బట్టలు కుట్టుకోవడం వేరు, పక్కింటివాళ్ళకు డబ్బు తీసుకుని కుట్టడం వేరు. రెండోది పని కిందికి వస్తుంది. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు అలా చేయకూడదు. ఒకే యజమాని పేరుతో వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళు కూడా బయట సంపాదించకూడదు. ఓపెన్ వర్క్ పర్మిట్ ఉన్న భార్యాభర్తలు చేయవచ్చు, కానీ ఆ ఆదాయం ట్యాక్స్‌లో చూపించాలి. వరుసగా నాలుగు త్రైమాసికాల్లో అమ్మకం 30,000 డాలర్లు దాటేవరకు హెచ్‌ఎస్‌టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బ్లౌజుకు వచ్చే ఇరవై, ముప్ఫై డాలర్ల కోసం పర్మిట్‌నే ముప్పులో పెట్టుకోవద్దు.

ఊళ్ళో ఉన్న ఇల్లాలికి మిషన్ కొనివ్వాలనుకునే తమ్ముళ్ళకు ఒక మాట. కరెంటు పోయే ఊళ్ళకు కాలి మిషనే నయం. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో టైలర్ పనీ ఉంది. అర్హత ఉన్నవాళ్ళకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఇస్తారు. డబ్బు పంపే ముందు సచివాలయంలోనో మీసేవలోనో కనుక్కోమనండి.

మిషన్ కొన్నంత మాత్రాన కుట్టు రాదు. మొదటి నెల పాత దుప్పట్ల మీద గీత గీసి దాని వెంట కుట్టండి. చెయ్యి తిరిగాకే చీర ముట్టుకోండి.