కంది నేలనూ కాగ్నా నీళ్లనూ కాపాడుకుందాం
(తాండూరు ప్రాంత రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, ఎరువులు, కరెంటు, రుణాల మీద మనం ఎన్నో సభలు పెట్టుకున్నాం. ఈరోజు వాటన్నిటికీ మూలమైన నేల, నీరు, అడవి గురించి మాట్లాడుకుందాం. అవి చెడిపోతే ఎంత ధర వచ్చినా అమ్ముకోవడానికి మన దగ్గర గింజ ఉండదు.

మన అనంతగిరి గుట్టల్లో రెండు నదులు పుడుతున్నాయి. మూసీ తూర్పుకు హైదరాబాద్ వైపు పోతుంది. కాగ్నా పడమరకు తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమాలో కలుస్తుంది. చివరకు రెండూ కృష్ణలోకే చేరతాయి. గుట్ట మీద చెట్లుంటేనే వాన నీళ్లు భూమిలోకి ఇంకి, ఎండాకాలం దాకా వాగుల్లో ఊరుతాయి. దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ వీఎల్ఎఫ్ రేడియో కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబరులో శంకుస్థాపన కూడా జరిగింది. ఆ చెట్లు పోతే కింది ఊళ్ల నీళ్ల సంగతేమిటన్నది ఇప్పటికీ మన ప్రశ్నే.

ఇక మన కంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఈ గౌరవం ఒక్క విత్తనానిది కాదు, మన నేలది. లోతైన నల్లరేగడి, అందులోని అట్టాపుల్గైట్ అనే బంకమట్టి, కింద సున్నపురాయి. వీటికీ మన పప్పు రుచికీ సంబంధం ఉందని చూపించాకే గుర్తింపు దక్కింది.

అదే సున్నపురాయి ఇక్కడికి సిమెంటు ఫ్యాక్టరీలనూ నాపరాయి గనులనూ తెచ్చింది. బండ తీయాలంటే పైనున్న రేగడిని తవ్వి పోయాలి. అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. రాయే వద్దని మనం అనడం లేదు. గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే కూలీలు మన ఇళ్లవాళ్లే. ఆ దుమ్ము ముందుగా పోయేది వాళ్ల ఊపిరితిత్తుల్లోకే. పద్ధతి మారాలంటున్నాం. లారీలు తిరిగే రోడ్ల పక్క చేలల్లో కంది ఆకు తెల్లబారుతోంది. ఆకు మీద దుమ్ము పేరుకుంటే ఎండ సరిగా అందదు, కాపు తగ్గుతుంది. పాలిషింగ్ బురదను వాగులో పోస్తే సన్నటి రాతిపిండి అడుగున పేరుకుని నీళ్లను ఇంకనివ్వదు.

హైదరాబాద్‌కు నీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు అడ్డుకట్ట వేశారు. పట్నం నీళ్లకు జీవో అవసరమైనప్పుడు పల్లె నీళ్లకు రక్షణ అవసరం లేదా?

చట్టాలు ఉన్నాయి. వాడుకోవడం మన పని.

ఒకటి, 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి, ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభ చివర, జనం లేవనెత్తిన అంశాలను తెలుగులో చదివి వినిపించాలి. మీరు చెప్పింది అందులో ఉందో లేదో విన్నాకే లేచి రండి. నోటితో చెప్పిందే కాగితం మీద కూడా రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

రెండు, 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ నిధి వచ్చింది. అది గనుల వల్ల నష్టపోయిన జనం కోసం, ఊళ్ల కోసం. తాగునీరు, వైద్యం, పర్యావరణ పనులు ముందు రావాలి. మన ఊరికి ఏం కావాలో గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుకు పంపుదాం.

మూడు, 2002 నాటి వాల్టా చట్టం. కాగ్నాలో ఇసుక తవ్వకాలు, ఇష్టం వచ్చినట్టు చెట్ల నరికివేత దాని పరిధిలోకి వస్తాయి. ఇసుక పోతే నదిలో నీళ్లు నిలవవు, పక్కన బోర్లు ఎండిపోతాయి. ఎక్కడ తవ్వుతున్నారో తేదీతో సహా తహసీల్దారుకు రాసి ఇద్దాం.

మన చేలో పనులు మనమే చేసుకోవాలి. పత్తి కట్టెను కాల్చకుండా ముక్కలు చేసి నేలలో కలుపుదాం. కంది రాల్చిన ఆకు నేలకే ఎరువు, దాన్ని అక్కడే ఉంచుదాం. గట్ల మీద వేప, కానుగ పెంచుదాం. చెరువు పూడిక మట్టిని చేలకు తోలుకుందాం.

ఈ నెల ప్రతి గ్రామ కమిటీ తన ఊరి వాగులు, కుంటలు, వదిలేసిన గని గుంతల జాబితా రాసి మండల కమిటీకి ఇవ్వాలి. జాబితా చేతిలో ఉంటేనే అధికారి ముందు మన మాటకు బలం. పార్టీలు, కులాలు పక్కనపెట్టి కదులుదాం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!