స్కోన్ మీద మీగడ ముందా, జామ్ ముందా?

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కిందటి సమావేశంలో నేను డి.ఎ. బకాయిల మీద మాట్లాడి అందరికీ రక్తపోటు పెంచానట. అందుచేత ఈసారి ప్రయాణపు కబుర్లు మాత్రమే చెప్పాలని కార్యదర్శిగారు షరతు పెట్టారు. శిరసావహిస్తున్నాను.

2023 వేసవిలో ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. వాళ్ళుండేది ప్లిమత్ అనే రేవు పట్టణం. దిగిన మర్నాడు అమ్మాయి "నాన్నా, సాయంత్రం స్కాన్‌కి వెళదాం" అంది. నాకు గుండె గుభేలుమంది. విమానంలో కాళ్ళు వాచిన మాట నిజమేగాని స్కాన్ దాకా పోవాలా అనుకుంటూ, పాత రిపోర్టులన్నీ సంచీలో సర్దుకుని బయలుదేరాను. తీరా తీసుకువెళ్ళింది టీ దుకాణానికి. అది తినే వస్తువు!

స్కాట్లాండులోనూ ఉత్తర ఇంగ్లండులోనూ దాన్ని ఎక్కువమంది స్కాన్ అంటారు. ఇంగ్లండు మధ్య జిల్లాలలో స్కోన్ అనేవారు ఎక్కువ. మా అల్లుడి మొదటి ఉద్యోగం గ్లాస్గోలో, కనుక మావాళ్ళకు ఆ ఉచ్చారణ పట్టుబడింది. ఇది చాలదన్నట్టు పెర్త్ దగ్గర అవే అక్షరాలతో రాసే ఊరొకటి ఉంది, దాన్ని స్కూన్ అంటారు. నేను మాత్రం స్కోన్ అనే అంటాను. ఈ వయసులో ఆ రెండో మాట వినబుద్ధి కాదు.

మైదా, వెన్న, పాలు, కొంచెం పంచదార, బేకింగ్ పౌడరు కలిపి, ఎక్కువ మర్దించకుండా, గుండ్రంగా కోసి ఓవెన్‌లో కాలుస్తారు. కొందరు పైన గుడ్డు పూస్తారు, మనలో శాకాహారులు అడిగి తినడం మంచిది. మొదట్లో ఇది ఇలా పొంగేది కాదు. పుట్టిల్లు స్కాట్లాండు. ఓట్స్ పిండిని పలచగా రొట్టె చేసి, పెనం మీద కాల్చి, ముక్కలుగా కోసుకునేవారు. 1843లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు ఈస్టు పడదని బేకింగ్ పౌడరు తయారుచేశాడు. అటువంటి పొడులు వచ్చాకే స్కోన్‌కి ఎత్తు వచ్చింది. స్కాట్లాండులో పెనం మీద కాల్చేవి ఇప్పటికీ ఉన్నాయి. బంగాళాదుంప మెదిపి చేసేది మన ఆలూ పరాటాకు పినతల్లి బిడ్డ. ఎలిజబెత్ రాణి 1960లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు తయారీ విధానం రాసి పంపింది కూడా పెనం మీద పోసే రకానికే.

ఇక అసలు తగవు. ప్లిమత్ డెవన్ జిల్లాలో ఉంది. పక్కనే టేమార్ నది, ఆవలి గట్టు కార్న్‌వాల్. మధ్యలో 1961 నాటి వంతెన. (వెళ్ళేటప్పుడు కారుకు రుసుము లేదు, తిరిగి వచ్చేటప్పుడే వసూలు చేస్తారు. లోపలికి రానిచ్చి బయటికి పోవడానికి డబ్బు అడిగే పద్ధతి నాకు నచ్చింది.) రెండు గట్లలోనూ స్కోన్‌ను రెండుగా విడదీసి జామూ, మీగడా వేసుకునే తింటారు. డెవన్‌లో మీగడ ముందు, దాని మీద జామ్. కార్న్‌వాల్‌లో జామ్ ముందు, మీగడ పైన. వీరేమో మీగడ వెన్నలాంటిది, అడుగునే ఉండాలంటారు. వారేమో వేడి స్కోన్ మీద మీగడ కరిగిపోతుంది, పైనుంటేనే అందమంటారు. 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ అనే పాత జమీందారీ భవనంవారు తమ ప్రకటన బొమ్మలో మీగడ ముందు వేసి చూపించారు. జనం మండిపడితే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది!

ఆ మీగడ సంగతి చెప్పకపోతే పాపం. చిలికిన క్రీము కాదది. సన్నని వేడి మీద గంటల తరబడి ఉంచి, చల్లారనిస్తే పైన పసుపురంగు తెట్టు కడుతుంది. మా అమ్మ పిడకల దాలిలో పాలకుండ పెట్టి సాయంత్రానికి తీసే మీగడ గుర్తుకు వచ్చింది. కార్న్‌వాల్ మీగడ పేరుకు 1998లో చట్టరక్షణ ఇచ్చారు, కనీసం 55 శాతం కొవ్వు ఉండాలి. నా షుగరుకూ, కొలెస్టరాల్‌కూ ఆ సంగతి తెలియనివ్వకుండా రెండు తిన్నాను.

మా పక్క బల్ల దగ్గర ఒక ముసలి దంపతులు కూర్చున్నారు. ఆయనది డెవన్, ఆమెది కార్న్‌వాల్ అని అమ్మాయి మాట కలిపి తెలుసుకుంది. ఒకే స్కోన్‌ను చెరి సగం చేసుకుని, ఎవరి పద్ధతిన వారు పూసుకుంటున్నారు. పెళ్ళయి యాభై ఏళ్ళు దాటిందట.

నాకు ఆఫీసు గుర్తుకు వచ్చింది. హైదరాబాదులో ఒకే సెక్షన్‌లో, ఒకే బల్ల దగ్గర, నేనూ వరంగల్లు వైపు మిత్రుడొకాయనా ఇరవై ఏళ్ళకు పైగా టిఫిన్ డబ్బాలు మార్చుకుని తిన్నాం. ఆయన డబ్బాలో సర్వపిండి. నేను దాన్ని తపాలచెక్క అనేవాణ్ణి. రెండూ బియ్యప్పిండివే, రెండూ గిన్నె అడుగున ఒత్తి కాల్చేవే, రెంటికీ గిన్నె పేరే. సర్వలో చేస్తే సర్వపిండి, తపేలాలో చేస్తే తపాలచెక్క. "పేరు మార్చి తింటే కడుపునొప్పి వస్తుంది" అనేవాడాయన. 2014కు ముందు, రాష్ట్రం రెండవుతున్న రోజుల్లో, ఒక సమావేశంలో నోరు జారాను. ఏమన్నానో ఇక్కడ చెప్పను, విన్నవాళ్ళు మీలోనే కొందరున్నారు. ఆ తర్వాత ఆయన నాకు ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బ్యాంకులో చూసుకుని తలలు తిప్పుకున్నాం.

తిరిగి వచ్చిన వారానికి ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు ఆయనే తీశాడు. కాసేపు ఇద్దరం పలకలేదు. ఆ మాట అనకుండా ఉండవలసింది అన్నాను. "కూర్చో" అన్నాడు. వదినగారు సర్వపిండి చేసి పెట్టారు. నువ్వులు కాస్త ఎక్కువ పడ్డాయి, ఆ మాటే అన్నాను.

"ఏది ఎక్కువైంది? దేంట్లో?" అన్నాడు, నా నోటివెంట పేరు రప్పించాలని.

"సర్వపిండిలో" అన్నాను.

మోకాళ్ళ నొప్పి వల్ల ఆయన ఇవాళ రాలేకపోయారు. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు, బయట టీ కూడా సిద్ధమైందట. సెలవు.