వెలుతురుకూ ఒక పద్దు ఉంది
(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాడిని. ఇంజనీరును కాను. అయినా మన హాస్టల్ ఆవరణలో కట్టబోయే చదువుల హాలు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పడమటి వైపున్న రెండు వేపచెట్లు తీసేసి, ముందు భాగమంతా అద్దాలు పెడితే కొత్తగా ఉంటుందని కొందరి అభిప్రాయం. ఖర్చయ్యేది దాతల సొమ్ము కనుక లెక్క వేసి చూద్దాం.

నేను పనిచేసిన ఒక శాఖకు పడమట నిలువెత్తు అద్దాలుండేవి. మధ్యాహ్నం 3 గంటలకల్లా ఎండ కౌంటర్ల మీద పడేది. తెరలు దించేవాళ్లం. చీకటయ్యేది, లైట్లు వేసేవాళ్లం. ఉక్కపోతకు ఏసీ. అద్దానికి ఒక పద్దు, తెరలకు ఒకటి, కరెంటుకు రెండు. ఇన్ని పద్దులు రాసినా పగటి వెలుతురు మాత్రం దక్కలేదు.

తప్పు అద్దానిది కాదు, పెట్టిన దిక్కుది. మన ప్రాంతాల్లో మధ్యాహ్నపు దక్షిణపు ఎండ ఎత్తు నుంచి వస్తుంది. కిటికీ మీద సజ్జ వేస్తే చాలావరకు ఆగుతుంది. పడమటి ఎండ వాలుగా వచ్చి సజ్జ కింద నుంచి దూరుతుంది. దానికి చెట్టో, వసారానో అడ్డం ఉండాలి. ఉత్తరపు వెలుతురు ఏడాదిలో ఎక్కువ రోజులు నిలకడగా ఉంటుంది. చదువుకునే బల్లకు అదే మేలు. మరో లెక్క: కిటికీ పైఅంచు 7 అడుగుల ఎత్తులో ఉంటే, మంచి వెలుతురు సుమారు 14, 15 అడుగుల లోపలి వరకే వస్తుంది. హాలు మరీ వెడల్పయితే మధ్యలో కూర్చున్న పిల్లలకు పట్టపగలే దీపం కావాలి.

ఇదంతా పాతకాలపు మాట అనుకోకండి. పిల్లలూ, 2009లో వచ్చిన ‘త్రీ ఇడియట్స్’ సినిమాలో కాలేజీగా కనిపించేది బెంగళూరు ఐఐఎం. దాన్ని రూపొందించిన బాలకృష్ణ దోషిగారు 1927లో పూణేలో పుట్టారు. 1951 నుంచి 1954 వరకు పారిస్‌లో లె కార్బూజియె దగ్గర పనిచేశారు. అంత చూసి వచ్చినవారు బెంగళూరులో గరుకు గ్రానైటు గోడలు కట్టించారు. పొడుగాటి నడవాలకు కొన్నిచోట్ల కప్పు, కొన్నిచోట్ల దూలాలు మాత్రమే, కొన్నిచోట్ల ఆకాశమే. పొద్దు కదిలే కొద్దీ నీడలు మారుతుంటాయి. అహ్మదాబాదులో 1980 నాటి తన కార్యాలయం ‘సంగత్’ కప్పుల మీద తెల్లని పింగాణీ పెంకులు పరిపించారు, ఎండ వెనక్కి కొట్టడానికి. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. 2023లో కన్నుమూశారు.

మన పూర్వీకుల మండువా లోగిలి, ఇక్కడి కన్నడిగుల తొట్టి మనె చేసిన పనీ ఇదే. ఇంటి నడుమ ఆకాశానికి చోటిచ్చి గాలీ వెలుతురూ రప్పించుకున్నారు. మనవాళ్లు తరాల కిందట ఈ నేలకు వచ్చి, ఇక్కడి నీళ్లకూ మాటకూ అలవాటుపడి నిలిచారు. మనం కట్టే హాలూ ఈ నేలకూ ఎండకూ తగ్గట్టుండాలి.

కమిటీ వారికి నా మనవి: వేపచెట్లు ఉంచండి. పడమట వసారా వేయండి. బల్లలు ఉత్తరపు కిటికీల దగ్గర వేయండి. మేడ మీద తెల్ల పెంకులు పరిపించండి. మిగిలే కరెంటు డబ్బుతో ఇంకో విద్యార్థికి ఫీజు కట్టవచ్చునేమో లెక్క చూడండి.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ అమ్మాయో అబ్బాయో ఐదేళ్ల బి.ఆర్క్. చదువుతానంటే, ఇంజనీరింగు కాదు కదా అని వెంటనే కాదనకండి. ఇలా ఆలోచించగలవాళ్లు మనకు కావాలి.