మొక్కజొన్న సాళ్ళు లెక్కపెట్టిన బాలుడు
(మందసలో చేసిన ప్రసంగ పాఠము)



కొన్నేండ్ల క్రిందట ఒక కూటములో, పాట మధ్య చెవులు మూసుకొని కేకలు వేసిన పిల్లవానిని బయటకు తీసుకొనిపొమ్మని అతని తల్లితో చెప్పినవాడను నేనే. ఆమె మరల రాలేదు. పిల్లవానికి ఆటిజం వున్నదనియు, మైకు హోరు అతనికి నిజముగా బాధ కలిగించుననియు తరువాత తెలిసినది. కనుక ఈ విషయమై మాట్లాడుటకు నాకు అర్హత తక్కువ, అవసరము ఎక్కువ.

1943లో అమెరికాలో లియో కానర్ అను పిల్లల మానసిక వైద్యుడు, ఆటిజం గల 11 మంది పిల్లలను గూర్చి వ్రాసినాడు. వారిలో మొదటివాడు మిసిసిపీ రాష్ట్రములో ఫారెస్ట్ అను చిన్న ఊరివాడు, డోనాల్డ్ ట్రిప్లెట్. పసితనములోనే ఇరువది మూడవ కీర్తనను, సంఘ ప్రశ్నోత్తరములలో 25ను అప్పగించెడివాడు. పిలిచిన మాత్రము పలికెడివాడు కాడు. మూడేండ్ల వయసున ఒక సంస్థలో చేర్చినారు. తరువాతి యేట తల్లిదండ్రులే తిరిగి తెచ్చుకొన్నారు.

పిమ్మట కొంతకాలము ఒక రైతు దంపతుల యింట పెరిగినాడు. ఇచ్చట కొంచెము ఆగుదము. అతనికి కొలతల పిచ్చి. వారు అతనిచేత బావి త్రవ్వించి లోతెంతో చెప్పమనిరి. మొక్కజొన్న సాళ్ళను పదేపదే లెక్కించుచుండగా, దున్నుచునే లెక్కపెట్టమని నాగలి చేతికిచ్చిరి. 1945లో చూడవచ్చిన కానర్ యెదుట అతడు ఆరు పొడుగు సాళ్ళు దున్ని, గుర్రమును చక్కగా మళ్ళించినాడట. ఆ రైతులు పిల్లవాని అలవాటును మాన్పించలేదు, దానికొక పని చూపినారు.

డోనాల్డ్ 1958లో కళాశాల చదువు ముగించి, సొంత ఊరి బ్యాంకులో పనిచేసినాడు. బ్యాంకు కుటుంబమువారిదే లెండి, ఆ వసతి అందరికీ వుండదు. 2023లో, 89వ యేట చనిపోయినాడు. ఆ 11 మందిలో ప్రభుత్వాసుపత్రుల పాలైన వారి గతి వేరు. వారి అద్భుతమైన జ్ఞాపకశక్తి కూడ అక్కడ అణగిపోయినదని 1971లో కానరే వ్రాసినాడు.

మన పలాస జీడిపప్పు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. 320 రకమనగా పౌనుకు 300 మొదలు 320 పప్పులు. గుండు, బద్ద, ముక్క, మచ్చపడినది, అన్నియు కంటితోనే ఏరవలెను. మనము గమనింపని చిన్న తేడాను పట్టు కన్ను ఆటిజం గలవారిలో కొందరికి వున్నది. అట్టి పిల్లవాడు మన ఉద్దానములో ఎవరింట గోడవైపు తిరిగి కూర్చున్నాడో! అయితే అందరికీ ఇట్టి నేర్పు వుండునని అనుకొనరాదు. కొందరికి మాటే రాదు, జీవితమంతా తోడు కావలెను. పప్పు ఏరగలిగినప్పుడే వారికి విలువ ఇత్తుమనుట అన్యాయము.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజంను చేర్చినారు. సికింద్రాబాదులో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ వున్నది. మందస తల్లికి అది ఎంత దూరమో ఆలోచించుడి.

వెనుక తలుపు వద్ద, లౌడుస్పీకరుకు దూరముగా రెండు కుర్చీలు వేయించినాను. గతవారము ఆ తల్లి యింటికి పోయి, క్షమాపణ కోరి, ఆ సంగతి చెప్పినాను. వచ్చెదననలేదు, రాననీ అనలేదు. ఎక్కువ శబ్దము లేని పాటలు ఏ వేళకు పాడెదరని మాత్రము అడిగినది.