పనిశాలలో చిల్లర సామాను అమరిక
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నిన్నటినుండి ఈ వేదికమీద విద్యాభివృద్ధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, పేద విద్యార్థుల భోజనవసతిని గూర్చియు పెద్దలు గంభీరముగా ప్రసంగించియున్నారు. వారి తరువాత నేను నిలువబడి మరమేకులను గూర్చియు, నట్లను గూర్చియు మాటలాడుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును. కార్యదర్శిగారు నన్ను చేతిపనిని గూర్చి ఏదైనను చెప్పుమని కోరినపుడు ఈ విషయమును నేనే యేరుకొంటిని. నాకిప్పుడు డెబ్బదియేండ్లు దాటినవి. ఈ చిల్లర సామాను మూలమున ఒక రైతునకు నావలన కలిగిన నష్టమును నలువదియేండ్లుగా మఱవలేకున్నాను. దానిని చెప్పుకొనుటకు మనవారి సభకంటె తగిన తావు నాకు వేఱొకటి లేదు.

మా తండ్రిగారు గోదావరి మెట్టప్రాంతమున నొక పల్లెలో పనిశాల నడపిరి. బండిచక్రము మొదలుకొని ఆయిలింజను వఱకు ఏది చెడినను జనులు మా యింటికే తెచ్చెడివారు. ఇంటిముందటి పెంకుటి వసారాయే పనిశాల. గోడపొడవున మూడు వరుసల బల్లలు. వానిమీద ముక్కుపొడుము డబ్బాలు, బిస్కత్తు డబ్బాలు, మందుసీసాలు, పగిలిన ఊరగాయ జాడీలు నూటికి పైగా నుండెను. ఒక్కదానిమీదను అక్షరము లేదు. ఆయనకు అక్షరముతో పని లేకుండెను. దీపము లేని వేళ సయితము చేయి చాచి కావలసిన డబ్బాను తీసి, ఒకమాఱు గిలకరించి, ఆ చప్పుడును బట్టియే లోపలిదేదో చెప్పెడివారు. మేము దానినొక విద్యగా మెచ్చుకొనుచుంటిమే కాని, ఆ విద్య ఆయనతోడనే పోవునని ఒక్కనాడును తలంపమైతిమి.

1983వ సంవత్సరమున ఆయన స్వర్గస్థులైరి. మఱుసటి యేడు శ్రావణమాసమున, నాట్ల యదనున, మా యూరి రైతొకడు చీకటిపడిన వేళ వచ్చి, "బాబూ, ఇంజను నిలిచిపోయినది. నూనెపంపు నట్టు యెగిరి యెక్కడనో పడినది. నాన్నగారుండగా ఇట్లే అయిన, క్షణములో ఒకటి తీసి యిచ్చిరి" అని చెప్పెను. అది పాత ఇంగ్లీషు నమూనా ఇంజను. పంపును దిమ్మకు బిగించు స్టడ్డు మూడు సూతులది, అనగా అంగుళములో ఎనిమిదింట మూడు పాళ్లది. నేను లాంతరు పట్టుకొని రెండుజాముల రాత్రివఱకు డబ్బాలన్నియు నేలమీద బోర్లించితిని. వందలకొలది నట్లు దొరకెను. ఆ నట్టు దొరకలేదు. తెల్లవాఱగనే మొదటి బస్సులో రాజమహేంద్రవరము పోయి, అంగడివాడు ఇచ్చినదానిని తెచ్చి ఎక్కించితిని. అది పది మిల్లీమీటర్ల నట్టు. కొంచెము వదులుగానే ఎక్కినది. వదులును చూచి నేను అనుమానింపవలసినది. వాషరు వేసి బిగించి ఊరకుంటిని. ఇంజను రెండు గంటలు నడచెను. ఆ యదరునకు నట్టు జాఱి, పంపు ప్రక్కకు వంగి, స్టడ్డు దిమ్మలోపలనే విఱిగిపోయెను. దానిని తొలిచి తీయించి, క్రొత్తది వేయించుటకు ఎనిమిది దినములు పట్టినది. ఈలోపల మడిలో నీరు చాలక నారు ముదిరిపోయినది. ఆ రైతు నన్నొక్క మాటయు అనలేదు. కూలి డబ్బులు కూడ ఇవ్వబోయెను.

ఆ దసరాకు ఆయుధపూజ నిమిత్తమై వసారా కడుగుచుండగా, దూలముమీద చింతపండు కుండవంటి చిన్నకుండ ఒకటి కనబడెను. అందులో కిరసనాయిలులో తడిపిన గుడ్డ చుట్టి నలువది మూడుసూతుల నట్లున్నవి.

మహాజనులారా! లేని వస్తువును కొనవచ్చును. ఉన్నదియు కనబడనిదియునైన వస్తువు లేనిదానికంటె చెడ్డది. ఏలయన, అది యున్నదను నమ్మకముచే మనము రాత్రియెల్ల వెదకి, తెల్లవాఱి తొందరలో తప్పుసామాను తెత్తుము.

ఆ పది మిల్లీమీటర్ల నట్టు ఏల మోసపుచ్చెనో ముందుగా తెలియవలెను. మూడు సూతులనగా తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు రవంత యెక్కువ. కంటికి పదివలెనే యుండును. మరచుట్లు కూడ ఇంచుమించుగా ఒకటే: పాత ఇంగ్లీషుదానికి అంగుళమునకు 16 చుట్లు, అనగా చుట్టునకు చుట్టునకు నడుమ సుమారు 1.59 మిల్లీమీటరు, పది మిల్లీమీటర్లదానికి 1.5. ఈ కొంచెపు భేదముచేతనే అది ఎక్కును. ఈ కొంచెపు భేదముచేతనే నిలువదు. బొత్తిగా ఎక్కని నట్టు మనకు మేలు చేయును. ఎక్కి మోసగించు నట్టే ప్రమాదకరము.

ఇన్ని జాతుల మరలు ఏల పుట్టినవని పిల్లలు అడుగుదురు. పూర్వము ఏ కార్ఖానా మర దానిదే. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంగ్లీషు యంత్రకారుడు మరకోణము 55 డిగ్రీలుగా నిర్ణయించి, ఏ లావునకెన్ని చుట్లో పట్టిక వేసి, దానిని అందఱును అనుసరింపవలెనని ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణముతో మఱియొక పద్ధతిని ప్రతిపాదించెను. మనకు రైళ్లును ఇంజనులును ఇంగ్లండునుండి వచ్చినవి గావున, మన పనిశాలలన్నియు విట్‌వర్త్ మరతోనే నిండినవి. తరువాత మన దేశమున 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చినది. నేడు అంగళ్లలో ప్రాయికముగా దొరకునది మిల్లీమీటరు సామానే. కాని యంత్రములు చట్టముతోపాటు మాఱవు. కావున మన డబ్బాలలో ఈ మూడు జాతులును కలిసి కాపురము చేయుచున్నవి. అరంగుళపు బోల్టునే చూడుడు: ఇంగ్లీషుదానికి అంగుళమునకు 12 చుట్లు, అమెరికా దానికి 13. ఒకదాని నట్టు రెండవదానిపై రెండు చుట్లు తిరిగి పట్టుకొనును. అప్పుడు బలవంతుడైన శిష్యుడు పెద్ద పానా తెచ్చును!

పాతవి పాతవేగదా, పాఱవేయుదమందురా? నేటి కెమెరా నిలబెట్టు ముక్కాలిపీటకు ఉండు మర ఇప్పటికిని పావంగుళము, 20 చుట్లదే. కుఱ్ఱవాండ్రు బాగుచేయు కంప్యూటరు పెట్టెలలో మూడు మిల్లీమీటర్ల మర యొకటి, అమెరికా ఆఱవ నంబరు, 32 చుట్ల మర యొకటి, రెండును ప్రక్కప్రక్కనే యుండును. ఇక కొళాయి గొట్టములు మఱియొక లోకము. అరంగుళపు గొట్టమర వెలుపలి కొలత అరంగుళము కాదు, ఇంచుమించు 21 మిల్లీమీటర్లు. ఆ పేరు లోపలి రంధ్రమునుబట్టి వచ్చినది. దానిని బోల్టుల సరసన ఎన్నడు నుంచరాదు.

కావున మొదటి విభాగము జాతినిబట్టి చేయవలెను, లావునుబట్టి తరువాత, పొడవునుబట్టి చివర. చాలమంది దీనిని తలక్రిందులుగా చేసి, పొడవైనవన్నియు ఒకచోట, పొట్టివన్నియు ఒకచోట వేయుదురు. అది చూపునకు బాగుండును, పనికి రాదు. జాతి తెలిసికొనుటకు మరగేజి కొన్నచో మంచిదే, వెల స్వల్పము. అది లేనివేళ జాతి తెలిసిన బోల్టునొకదానిని తీసి, తెలియనిదాని ప్రక్కన పళ్లలో పళ్లు పడునట్లు ఆనించి, వెలుతురునకు ఎత్తి చూడవలెను. పొడవునను వెలుతురు దూఱనిచో రెండును ఒకటే. నా గూళ్లపై అంగుళపు సామానునకు ఎఱ్ఱరంగు, మిల్లీమీటరు సామానునకు నీలిరంగు పూసియున్నాను. ఎడమమర నట్లు, అనగా సైకిలు ఎడమ పెడలుకు ఉండునట్టివి, వేఱు డబ్బాలో నుంచి, దాని మూతకు గుడ్డ కట్టితిని. ఎడమమరను కుడిమరగా భ్రమించి బిగింపబోయిన చేతులకు ఆ గుడ్డ యెందులకో తెలియును.

కొయ్యపనివారి మరమేకులకు ఇంత చిక్కు లేదు. వాని లావు నంబరులలో నుండును. ఎనిమిదవ నంబరు మేకు సుమారు 4.2 మిల్లీమీటర్ల లావు. ఇంటిపనికి ఆఱు, ఎనిమిది, పది నంబరులు చాలును. తల బల్లపరుపా, గుండ్రమా అనునది మాత్రము వేఱుచేయవలెను. ఇత్తడి మేకులను ఇనుపమేకులతో కలుపకుడు. చెమ్మ తగిలినచోట ఇత్తడి తోడుండిన ఇనుము త్వరగా తుప్పుపట్టును.

తుప్పన్నచో జ్ఞాపకము వచ్చినది. మా పినతండ్రి కుమారుడు అతుకుపనికి వాడు ఆమ్లపు సీసాను నా మేకుల బీరువాలోనే, మూత సరిగా బిగింపక, ఒక వర్షాకాలమంతయు నుంచెను. ఆ ఆవిరికి పై రెండు వరుసల మేకులన్నియు గిరకతాటి పండువలె ఎఱ్ఱబడినవి. ఆ సీసా యిప్పుడు పెరటిలో నున్నది. తమ్ముడు ఈ సభలోనే యున్నాడు, నవ్వుచున్నాడు.

ఇక పాత్రల మాట. దీనికి గురువులు మన యింటిలోనే యున్నారు. వంటయింటి పోపులపెట్టెను చూడుడు. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మిరపకాయలు, ఏ గిన్నెలోనిది ఆ గిన్నెలోనే. నూనె కాగుచుండగా గృహిణి వెదకదు. చేయి తానే పోవును. అందులో గుప్పెడు గుప్పెడు మాత్రమే యుండును. మిగిలినది అటకమీది డబ్బాలలో నుండును. మనము చేయు తప్పు ఏమనగా, అటకను పోపులపెట్టెను ఒకటిగా చేయుట. నిత్యము వాడు పది పండ్రెండు రకములు ఒక చిన్న గూళ్లపెట్టెలో చేతికందునట్లుండవలెను. నిలువ సామాను వేఱుగా నుండవలెను. సీసపు అక్షరముల కాలమున అచ్చుకూటములలో కూర్పరి ముందఱి గూళ్లపలకయు ఇట్టిదే: తఱచుగా వచ్చు అక్షరము పెద్ద గూటిలో, చేతి దగ్గఱ, అరుదైనది అంచున. ఆ మనుష్యుడు గూటివంక చూడక, వ్రాతప్రతివంకనే చూచుచు కూర్చుట నేను బాల్యమున చూచియున్నాను.

గాజుసీసాలు కంటికి ఇంపు. లోపలిది కనబడును. వాని మూతలను బల్ల అడుగున మేకులతో బిగించి, సీసాను క్రిందినుండి మూతకు తిప్పిన, చోటు చాల కలిసివచ్చును. అయితే ఒక్కొక్క మూతకు రెండేసి మేకులు కొట్టవలెను. ఒక్కటే కొట్టినచో సీసాతోపాటు మూతయు తిరుగును. గాజు పగిలి మేకులలో పడెనా, ఆ మేకులను చేతితో ఏఱబోకుడు. నేడు స్వచ్ఛమైన ప్లాస్టికు సీసాలు లభించుచున్నవి, అవి మేలు. బరువును మఱవకుడు. ఒక లీటరు డబ్బా నిండ చిన్నమేకులు మూడు నాలుగు కిలోలు తూగును. పెద్దబోల్టులు నేలదగ్గఱనే యుండవలెను.

గుర్తుచీటికంటె మంచిది మాదిరివస్తువు. ప్రతిడబ్బా వెలుపల, లోపలి సామానులో నొకదానిని తీగెతో కట్టవలెను. చదువురాని సహాయకుడును, కన్ను మందగించిన నావంటి ముసలివాడును వ్రేలితో తడవి తెలిసికొందురు. చీటి కూడ నుండవలెను: జాతి, లావు, పొడవు, ఏ యంత్రమునకు వాడితిమో ఆ మాట.

ఎంత అమర్చినను ప్రతి పనిశాలకును కలగూరగంప యొకటి తప్పదు. పని ముగిసి అలసిన చేతితో మిగిలిన నాలుగింటిని ఎవడును నాలుగు గూళ్లలో వేయడు, నేనును వేయను. గంప నుండనిండు, కాని చిన్నదిగా నుండవలెను. నిండినప్పుడే ఏఱుకొనుట మా యింటి నియమము. ఎట్లయినను ఆయుధపూజకు ముందుదినమున ఏఱవలసినదే. మూడు పండుగలు దాటినను జతదొరకనిది పాతయినుములోనికి పోవును.

ఒక్క మనవి. మనవారిలో వృద్ధశిల్పి యొకరు గతించినపుడు, నెలమాసికము కాకమునుపే ఆయన డబ్బాలన్నియు కిలోలెక్కను పాతసామాను బండికి పోవుట నేను పలుమాఱులు చూచితిని. తూనికలో ఇనుమున్నది, ఏది దేనికను తెలివి ఆ తూనికలో లేదు. మీ యిండ్లలో అట్టి పెద్దలుండిన, ఈ సభనుండి పోయిన తరువాత ఒక మధ్యాహ్నము వారి ప్రక్కన కూర్చుండి, డబ్బా తరువాత డబ్బా చేతికిచ్చి, వారు చెప్పినది చీటిపై వ్రాసి అంటింపుడు. వారు మొదట విసుగుకొందురు. మూడవ డబ్బాకు కథలు చెప్ప నారంభింతురు. అవియు వ్రాసికొనుడు.

దూలముమీది కుండలోని నలువది నట్లలో ఇంకను పదునేడు మిగిలియున్నవి. ఇప్పుడవి ఎఱ్ఱరంగు డబ్బాలో, వెలుపల ఒక నట్టు కట్టబడి, రెండవ వరుసలో ఎడమనుండి నాలుగవ చోట నున్నవి. పాత ఇంజను గలవారెవ్వరైనను నన్నడిగి తీసికొనిపోవచ్చును.